ఆఖరి గుక్క చెట్టుకు

ఇన్నేళ్లుగా నా అరచేతిలో లేచి నిలబడిన కొబ్బరికాయలన్నిటి మీదా ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. నన్నెరిగిన వాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వుకుని కాగితం పక్కన పెడతారని నాకు తెలుసు. కారేపల్లిలో టీకొట్టు దగ్గర నేను గొంతు సవరించుకుంటే చాలు, "సగం తీసేసి ఇనుండ్రి" అని పక్కవాడు ముందే చెప్పేవాడు. వేంసూరులో నేను చూపిన చోట బోరు వేస్తే నీళ్లు ఎంత ఎత్తుకు లేచాయంటే, పైన తిరుగుతున్న గద్ద తడిసి ముద్దై చేలో పడిందనీ, దాన్ని గంప కింద పెట్టి ఆరబెట్టి సాయంత్రం వదిలిపెట్టామనీ చెప్పినవాణ్ని నేనే. ఆ గద్దను ఇప్పుడు వెనక్కి తీసుకోవడం లేదు. కానీ ఇది ఆ బాపతు కాదు. ఇది మా ఇంట్లో, మంచం పక్కన, ఒక కుండీలో జరిగింది.

నా పని నీళ్లు చూడటం. బోరు వేసే ముందు రైతులు నన్ను పిలుస్తారు. పీచు తీసిన కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని చేనంతా నడుస్తాను. కింద నీళ్లున్న చోట కాయ తనంతట తాను లేచి నిలబడుతుంది. అక్కడ ఒక రాయి పెట్టిస్తాను. దాన్ని పాయింటు అంటారు. కొన్ని పాయింట్లలో నీళ్లు పడతాయి. కొన్నింట్లో బోరు బండి వెళ్లిపోయేదాకా దుమ్మే లేస్తుంది. దుమ్ము లేచిన ఊరి మీదుగా మళ్లీ కొన్నాళ్లు నేను పోను.

"ఊరందరికి నీళ్లు సూపెడ్తవ్," అనేది మా ఆవిడ, "మనింట్ల నల్లా రెండు దినాలకోపాలి వస్తది. జర దాని సంగతి సూడు."

"నల్లా కింద కాయ లేవదే."

"లేవకుంటే నీ నోరు పెట్టు. అది ఎక్కడైనా లేస్తది."

ఆమె మాటలు అలాగే ఉండేవి. మాకు పిల్లలు లేరు. ఆ ఒక్క విషయం మీద మాత్రం నేనెప్పుడూ ఎవరికీ ఏ కథా చెప్పలేదు.

ఒక ఏడాది మిరప ఏరే రోజుల్లో ఆమె పాదాలు ఉబ్బాయి. నిలబడి పనిచేయడం వల్లనుకున్నాం. తర్వాత మొహం ఉబ్బింది. ఖమ్మంలో పెద్ద దవాఖానాకు తీసుకుపోతే, రెండు కిడ్నీలూ పనిచేయడం లేదనీ, ఇక వారానికి మూడుసార్లు రక్తం కడిగే మిషన్ మీద పడుకోవాల్సిందేననీ చెప్పారు. కారేపల్లి నుంచి అన్నిసార్లు తిరగడం ఆమె వల్ల కాలేదు. దవాఖానాకు దగ్గర్లో ఒక గది కిరాయికి తీసుకున్నాం. కింద మేము, పైన ఇంటామె. ఆమెది బట్టలు కుట్టే ఇల్లు. పొద్దంతా నెత్తి మీద కుట్టుమిషన్లు టకటకమంటుండేవి. మా ఆవిడ ఆమెను అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేది.

సూదులకు మా ఆవిడ భయపడలేదు. చేతి నరం తాడులా లేచినా ఏడవలేదు. ఆమెను ఓడించింది ఒక్కటే, దాహం. తాగిన నీళ్లు బయటికి పోయే దారి ఆమె ఒంట్లో లేదు. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరతాయి, గుండెను ముంచుతాయి. రోజు మొత్తం మీద ముప్పావు లీటరు అన్నాడు డాక్టరు. చాయ్, చారు, మజ్జిగ, మాత్ర మింగే నీళ్లు, అన్నీ అందులోకే.

ఆమె ఎలా నీళ్లు తాగేదో మీరు చూసి ఉంటే ఆ మాట ఎంత పెద్దదో తెలిసేది. మిరపతోట నుంచి మధ్యాహ్నం ఇంటికొచ్చి, కుండలో చెంబు ముంచి, పెదవులకు తగలనివ్వకుండా ఎత్తిపట్టి, కళ్లు మూసుకుని చెంబెడూ ఒక్క ధారగా దించేది. చివరికి చెంబు వంచి చూసి, "ఇంతేనా" అనేది. అలాంటి మనిషికి నేను చిన్న స్టీలు గ్లాసుతో కొలిచి పోయడం మొదలుపెట్టాను.

దొంగతనంగా తాగేది. స్నానాల గదిలో తాగేది, గిన్నెలు కడుగుతూ తాగేది. మిషన్ మీదికి పోయే ముందు తూకం వేసే చోట దొరికిపోయేది. దవాఖానాలో టెక్నీషియన్ చిన్న వయసు అమ్మాయి. "రెండు రోజుల్ల మూడున్నర కిలోలు పెరిగినవమ్మా. ఇది తిండి కాదు, నీళ్లు. గుండె ఆగిపోతది," అని ఎదుటే చెప్పేది. నేను కుండ తీసి ఆపా ఇంట్లో పెట్టాను. స్నానాల గదికి తాళం వేశాను. ఒక మధ్యాహ్నం మా ఆవిడ ఆపా ముందరే, గొంతు పెంచకుండా, "అన్నిటికి తాళాలేస్తరు గని, నీళ్లకు తాళమేసినోన్ని ఈయన్నే సూసిన ఆపా," అంది. ఆపా తల వంచుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆ రోజే తాళం తీసేశాను. భయపెట్టి ఆమెను ఆపలేనని అర్థమైంది. ఇక నాకు చేతనైనది ఒక్కటే మిగిలింది.

ఆ వారంలోనే మధిర పోయే దారిలో ఒక నర్సరీ వాళ్లు పాయింటు కోసం పిలిచారు. ఆకుపచ్చ వలల కింద ఇళ్లలో పెట్టుకునే మొక్కలు వరసగా ఉన్నాయి. వాటిలో ఒకటి, చామగడ్డ ఆకులా ఉంటుంది కానీ ముదురు ఆకుపచ్చ, మధ్యలో తెల్లని ఈనెలు, మనిషి రొమ్మంత వెడల్పు. ఎలిఫెంట్ ఇయర్ అంటారట. ఇదెలా పెంచాలని అడిగితే నర్సరీ మనిషి తన ధోరణిలో తను చెప్పుకుపోయాడు.

"ఎండ పడొద్దు, వెల్తురు ఉండాలె. మట్టిల వేలు వెట్టి సూడు, పైన ఆరితెనే పొయ్యి. ఇది ఎండకు సావదన్నా, నీళ్లకు సస్తది. ఆకులు వాలినయంటే పాపమని పోస్తరు, పోసి పోసి సంపుతరు."

నేను కాయ సంచిలో వేసుకుని అక్కడే నిలబడిపోయాను. నీళ్లు ఎక్కువైతే చచ్చే ప్రాణి ఇంకొకటి ఉందన్నమాట. ఆ కుండీని బస్సులో ఒళ్లో పెట్టుకుని ఖమ్మం తెచ్చాను. ఆకులు కిటికీ ఊచల్లోంచి బయటికి పోయి, దారి పొడుగునా ఎదురొచ్చే వాళ్లకు చెయ్యి ఊపాయి.

"చామగడ్డ," అంది మా ఆవిడ, మంచం మీద లేచి కూర్చుని. "పెంట మీద మొలిచేదాన్ని కుండీల పెట్టుకొచ్చినవ్. రేపు ఉత్తరేణి తెస్తవా?"

అప్పుడు చెప్పాను కథ. భద్రాచలం అవతల, బస్సు కూడా పోని ఊళ్లో ఒక తాత దగ్గరికి పోయాననీ, ఎంత తిరిగినా కాయ లేవలేదనీ, తాత నవ్వి నన్ను అడవిలోకి తీసుకుపోయి ఈ చెట్టు చూపించాడనీ చెప్పాను. 'నీళ్లెక్కడున్నయో నీకెరుక. ఎన్ని సాలునో దీనికెరుక' అన్నాడని చెప్పాను. ఒంట్లో నీళ్లు నిలిచే మనిషి ఉన్న ఇంట్లో దీన్ని పెట్టుకుంటారనీ, ఒకే ఒక్క నియమమనీ చెప్పాను. తాగే ప్రతి గ్లాసులో ఆఖరి గుక్క చెట్టుకు పోయాలి. మనిషి ఎన్నిసార్లు తాగితే చెట్టు అన్నిసార్లు తాగుతుంది. మనిషి మితంగా తాగితే చెట్టు కొత్త ఆకు వేస్తుంది. మనిషి ఎక్కువ తాగితే ముందు చెట్టు పోతుంది.

ఆమె మంచం అంచుకు జరిగింది.

"ఆ తాత పేరేంది?"

"పేరు చెప్పొద్దన్నడు."

"ఏ ఊరు?"

"ఊరికి పేరు లేదు."

"అడివంటే సాలు, ఇగ ఎవరు పోయి అడుగుతరులే అని నీ ధైర్యం," అంది. కానీ చెయ్యి చాచి ఆకును ముట్టుకుంది. పొద్దుటి గ్లాసు ఇంకా పక్కనే ఉంది. అందులో అడుగున మిగిలిన కాసిన్ని నీళ్లు కుండీలో పోసింది.

ఆ తర్వాతి నెలల్లో మా గదిలో ముగ్గురం ఉన్నట్టుండేది. ఉత్తరం కిటికీ పక్కన, మంచానికి చెయ్యందేంత దూరంలో కుండీ. ఆమె పొద్దున్నే మట్టిలో చూపుడువేలు రెండో గీత దాకా గుచ్చి చూసేది. తడిగుడ్డతో ఒక్కో ఆకునూ చంటిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచేది. కాడ విరిస్తే కారే పాలు తగిలి ఒకసారి నా మోచెయ్యి దద్దుర్లెక్కితే, రెండు రోజులు నవ్వింది. నాలుగు రోజులకొకసారి కుండీని కొంచెం తిప్పేది, ఒక వైపే ఒరగకుండా. కొత్త ఆకు వచ్చేటప్పుడు కాడ మధ్యలోంచి చుట్టిన చీటీలా పొడుచుకొస్తుంది. అది విప్పుకోవడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. మిషన్ మీద నుంచి రాగానే, నీరసంతో గోడ పట్టుకుంటూనే, ముందు దాని దగ్గరికి పోయేది.

"ఇంత తెరిసింది," అని వేళ్లతో చూపించేది.

కొత్తది ఒకటి విచ్చుకుంటే అడుగున ముసలిది ఒకటి పసుపుబారేది. దాని తీరు అంతేనట. ఆమె మాత్రం ఆ పసుపు ఆకును చూసినప్పుడల్లా, "నేనేం ఎక్కువ తాగలేదు మరి," అని నాతో అనేది.

దవాఖానాకు పోయినప్పుడల్లా పెరిగే తూకం తగ్గింది. రెండు కిలోలు, ఒకటిన్నర. "ఏం మంత్రమేసిండ్రు అన్నా?" అని టెక్నీషియన్ అడిగితే, ఆమెకూ తాత కథ చెప్పాను, ఇంకో పులిని జోడించి. మంచం మీద పైపుల మధ్య పడుకున్న మా ఆవిడ పైకప్పు చూస్తూ, "నాకు సెప్పినప్పుడు పులి లేదు," అంది.

సంక్రాంతి చలి పోయాక ఒక పొద్దున నేల మీద నీటి చుక్కలు కనిపించాయి. పైకి చూస్తే ఆకు కొసన ఒక చుక్క వేలాడుతోంది. నర్సరీకి పోయి అడిగాను. "నీళ్లు ఎక్కువైతే ఆకు కొసకు చుక్క కడ్తది. ఒంట్ల పట్టక కక్కుతది," అన్నాడు.

అంటే ఆమె ఎక్కువ తాగింది. తాగి, నియమం తప్పకుండా ఆఖరి గుక్కలన్నీ చెట్టుకు పోసింది. దొంగతనం చేసినవాళ్లు సాక్షికి కూడా వాటా పంచినట్టు. ఆ తర్వాత నేను రోజూ కళ్లు తెరవగానే మంచం మీద నుంచే ఆకు కొసలు చూడటం అలవాటు చేసుకున్నాను. చుక్క ఉంటే ఆమె తాగినట్టు. లేకపోతే లేదు. కొన్నాళ్లకు ఆమె కూడా ఆ సంగతి పసిగట్టింది. నాకంటే ముందు లేచి పైట కొంగుతో ఆకుల కొసలు తుడిచేది. నేను కళ్లు మూసుకునే చూసేవాణ్ని.

"నీ కొంగు తడిసిందేంది?"

"మొఖం కడిగిన."

"చెట్టు నాకు చెప్పింది."

"సెప్తది. నీ ఇంట్ల ఉంటున్నది కదా, నీ గుణమే వస్తది."

అలా నవ్వుకున్నాక ఆమె రెండు మూడు రోజులు సరిగ్గా ఉండేది. ఆమె ప్రాణం ఆ ఆకు కొస మీద నిలబడి ఉందని నాకు తెలుసు. నిలబడుతోందని కూడా అనుకున్నాను.

ఎండాకాలం వచ్చింది. ఖమ్మం ఎండ గురించి నేను కొత్తగా కల్పించాల్సిందేమీ లేదు. గోడలు సాయంత్రానికి కూడా చల్లబడేవి కావు. పైన కుట్టుమిషన్లు మధ్యాహ్నం ఆపేసేవాళ్లు. బోర్లు వేసే కాలం కూడా అదే. పొద్దున ఒక ఊరు, సాయంత్రం ఒక ఊరు. ఆపాను చూస్తుండమని చెప్పి పోయేవాణ్ని. ఎక్కడికి పోయినా రైతు ఇంట్లో ముందు చెంబెడు చల్లని నీళ్లు ఇచ్చేవాళ్లు. తాగుతుంటే నేను కొలిచి పోసే చిన్న స్టీలు గ్లాసు గుర్తొచ్చేది. తాగేవాణ్ని, అది వేరే మాట.

ఆ ఏప్రిల్ చివర నుంచి ఆకు కొసలు పొడిగా ఉండటం మొదలైంది. ఒక్క పొద్దున కూడా చుక్క లేదు. ఆమె కొంగు పట్టి చూశాను, పొడిగా ఉంది. నేలంతా చేత్తో తడిమాను. ఇంత ఎండలో, నేను పక్కన లేకపోయినా, ఆమె నిగ్రహించుకుంటోంది అనుకున్నాను. ఆ సంతోషంలో టీకొట్టు దగ్గర చెట్టు గురించి చెప్పని వాళ్లు లేరు.

తూకం మాత్రం పెరుగుతోంది. మూడు. మూడున్నర. నాలుగు దాటింది.

"అమ్మా, నీళ్లు తాగుతున్నవ్," అంది టెక్నీషియన్.

"తాగుత లేను," అంది మా ఆవిడ.

"మీ తూకం కరాబయింది," అన్నాను నేను.

"అందరికీ ఇదే తూకం అన్నా. ఈమెకొక్కదానికే ఎట్ల కరాబయితది?"

"మా ఇంట్ల చెట్టున్నది. ఎక్కువ తాగితే ఆకు కొసకు చుక్క కడ్తది. నెల దినాలయింది, ఒక్క చుక్క లేదు. మీ మిషన్‌కు తెల్వకపోతే దానికి తెలుస్తది."

ఆ అమ్మాయి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు అది. గొంతు తగ్గించి, "అన్నా, కాళ్లు సూడు," అంది. మా ఆవిడ పాదం మీద వేలితో నొక్కింది. గుంట పడింది, అలాగే ఉండిపోయింది. నేను చూశాను. చూసి కూడా, ఎండకు ఉబ్బాయని చెప్పాను.

నలభై ఊళ్లలో నా మాట నమ్మవద్దని నేనే నవ్వుతూ చెప్పుకు తిరిగాను. చివరికి దాన్ని నమ్మినవాణ్ని నేనొక్కణ్నే. పిల్లవాడు వేసిన గీతను పాము అనుకుని పిల్లవాడే ఉలిక్కిపడ్డట్టు, లేని తాత పెట్టిన నియమాన్ని పట్టుకుని, ఎదుట కనిపిస్తున్న తూకాన్ని కాదన్నాను.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం వేంసూరు చేలో కాయ పట్టుకుని నడుస్తుండగా ఆపా కొడుకు ఫోన్ చేశాడు. ఆమెకు ఊపిరి ఆడటం లేదని, దవాఖానాకు తీసుకుపోతున్నామని. చేలో కాయ అక్కడే వదిలేసి వచ్చాను. ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరాయన్నారు. వరసగా మూడు రోజులు మిషన్ పెట్టారు. ప్రాణం నిలిచింది కానీ గుండె బాగా అలిసిపోయిందనీ, ఇంకొకసారి ఇలా అయితే చెప్పలేమనీ డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

ఇంటికి తెచ్చాక ఆమెను దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. పడుకుంటే ఊపిరి అందేది కాదు. చెట్టు కిటికీ దగ్గర నిగనిగలాడుతోంది. నాలుగు ఆకులు, ఐదోది చీటీలా చుట్టుకుని ఉంది.

"తాగినవా?" అన్నాను.

"అవ్."

"మరి చుక్క రాలేదేంది?"

ఆమె కాసేపు ఊపిరి కూడదీసుకుంది. ఎండలు ముదరగానే దాహం తట్టుకోలేకపోయిందట. తాగిన ప్రతిసారీ ఆఖరి గుక్క చెట్టుకు పోసేసరికి మట్టి ఆరడం మానేసింది. ఒకరోజు కాడ మొదలు పట్టుకుంటే మెత్తగా తగిలింది, వాసన వచ్చింది. నేను ఊళ్లో లేను. ఆపాను పిలిచి, ఇద్దరూ కలిసి కుండీలోంచి చెట్టును తీశారు. కుళ్లిన వేళ్లన్నీ కత్తితో కోసి, గాయాలకు పసుపు అద్ది, ఇసుక కలిపిన కొత్త మట్టితో మళ్లీ అదే కుండీలో పెట్టారు.

"అప్పటి సంది నా గుక్క దానికి పోస్త లేను. వేలు వెట్టి సూసి, దానికెంత గావాల్నో గంతే పోస్తున్న," అంది. "నేనంటే ఆగలేకపోతి. నాతోటి దాన్నెందుకు సంపుడు."

"తాత నియమం పెట్టె గదనే," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఇంకేం అనాలో తోచక.

ఆమె నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది.

"తాత లేడు, తోక లేదు. కుండీ అడుగున నర్సరీ కాయితం అతికిచ్చి ఉన్నది. ఫోన్ నంబర్‌తోటి. తెచ్చిన మూడోనాడే తుడుస్తుంటే సూసిన."

నా చూపు కుండీ మీదికి పోయింది. ఆమే అంది:

"మరి ఇన్నొద్దులు ఎందుకు పోసినవని అడగవేంది?"

"ఎందుకు పోసినవ్?"

"నువ్వు ఇరువై ఏండ్ల సంది ఊరోళ్లకు సెప్తివి గని, నా కోసమని సెప్పింది గదొక్కటే. అంత కష్టపడి అల్లినవ్. నేను గూడ నమ్మకపోతె మంచిగుండదని."

పైన కుట్టుమిషన్ ఒకటి మొదలై ఆగింది. కుండీ ఎత్తి అడుగు చూశాను. తడికి సగం నానిపోయిన కాగితం, ఇంకా అక్కడే ఉంది. అంతటి మోసగాణ్ని, కుండీ అడుగు చూసుకోలేదు.

ఆ తర్వాత ఎన్నో రోజులు లేవు. నేను పాయింట్లకు పోవడం మానేశాను. గ్లాసుతో కొలిచి నేనే ఇచ్చేవాణ్ని. ఆమె అడిగేది కాదు. గది బయట ఎవరైనా బిందె దించిన చప్పుడైతే మాత్రం తల అటు తిరిగేది. పెదవులు పగిలితే వెన్న రాసేవాణ్ని. చీటీలా చుట్టుకున్న ఐదో ఆకు విప్పుకోవడం ఇద్దరం కూర్చుని చూశాం. మృగశిర కార్తె వచ్చింది. ఆపా చేపల కూర పంపింది. ఆమె ముక్క మాత్రం తిని పులుసు నాకు తోసింది, అది కూడా నీళ్ల లెక్కలోకే వస్తుందని.

ఆ మర్నాడు మధ్యాహ్నం, మబ్బు పట్టింది కానీ చినుకు పడలేదు. మిషన్‌కు పోవాల్సింది మర్నాడు పొద్దున. ఆ రోజు వాటా నీళ్లు అప్పటికే అయిపోయాయి. ఆమె దిండ్లకు ఆనుకుని, నన్ను దగ్గరికి పిలిచింది.

"కుండల నీళ్లు, ఒక నిండు గ్లాసు. పెద్ద గ్లాసు. మల్ల అడగ."

నేను పైకి పోయి, ఆపా ఇంట్లో కుండలోంచి పెద్ద గ్లాసు నిండా ముంచి తెచ్చాను. ఆమె రెండు చేతులతో పట్టుకుని, ఎప్పటిలాగే పెదవులకు తగలకుండా పైకెత్తి, కళ్లు మూసుకుని తాగింది. గొంతు కదలడం చూస్తూ నిలబడ్డాను. అడుగున కాసిన్ని ఉండగా ఆపేసింది. "చెట్టుకు," అంటూ గ్లాసు నా చేతికిచ్చింది. పోశాను. ఆమె మొహం తేటపడింది. "సల్లగున్నది," అని నిద్రపోయింది.

మర్నాడు పొద్దున దవాఖానాకు పోతుంటే ఆటోలో, నా భుజం మీద తల పెట్టుకుని, దవాఖానా గేటు కనిపిస్తుండగా పోయింది.

మొదట్లో చేసిన ప్రమాణం ఒకటి ఉంది కాబట్టి, ఇందులో నేను కల్పించినదేదో ఇప్పుడు చెప్పాలి. నర్సరీ నిజం. కుండీ అడుగు కాగితం నిజం. తూకం కరాబయిందని నేను వాదించడం నిజం, ఆ అమ్మాయి ఇప్పటికీ ఎదురుపడితే పలకరిస్తుంది. కల్పించింది ఒక్కటే. ఆ గ్లాసు.

ఆమె అడిగిన మాట నిజం. నేను ఇవ్వలేదు. డాక్టరు మాట చెవిలో ఉంది. ఒక్క గ్లాసుతోనే పోతుందేమోనని భయం. "రేపు మిషన్ దిగినంక చెంబెడు ఇస్త, నీ ఇష్టం, ఎంతనన్న తాగు," అన్నాను. రెండోసారి అడిగింది. తడిగుడ్డతో పెదవులు అద్దాను. ఆ గుడ్డ ఆకులు తుడిచేదే. మూడోసారి అడగలేదు. కిటికీ వైపు చూసి, "నా గ్లాసు దానికన్న పొయ్యి. నేను సూస్త," అంది.

పైకి పోయి తెచ్చాను. పెద్ద గ్లాసే. ఆమె చూస్తుండగా కుండీలో పోశాను. ఎండిన మట్టి చిన్నగా చప్పుడు చేస్తూ తాగింది. వెనక ఆమె గుటక వేయడం వినిపించింది. నేను తిరిగి చూడలేదు.

మర్నాడు పొద్దున ఆటో వచ్చి బయట హారన్ కొడుతోంది. నేను చెప్పులు వెతుకుతున్నాను. అప్పటికే ఐదు ఆకుల కొసలకూ చుక్కలు కట్టాయి. ఆమె గోడ పట్టుకుని లేచి నిలబడి, ఒక్కో ఆకూ దగ్గరికి లాగి, నేను చూడకముందే అన్నట్టు గబగబా కొంగుతో తుడిచింది. తాగింది తనే అయినట్టు.